స్మారకగానసభలు — గాయకుల ఎంపిక

చెన్నపురిలోని తెలుగుసంఘములు ఏటేట వాగ్గేయకారుల ఆరాధనలను, గతించిన విద్వాంసుల జయంతులను జరుపుచున్నవి. ముందుగా హాలు కుదురును. ఆహ్వానపత్రికలు అచ్చగును. అధ్యక్షుడెవరో, ముఖ్యాతిథి యెవరో, ఎవరికి ఎవరు పూలమాల వేయవలెనో నిశ్చయమగును. వారము పదిదినములు మాత్రమే వ్యవధి యున్నదనగా పాడువారెవరను ప్రశ్న పుట్టును. అప్పుడు దొరికినవారు, అడిగినవారు, అడిగించినవారు వేదిక నెక్కుదురు. పెండ్లిపందిరి వేసి, బాజాభజంత్రీలు కుదిర్చి, పిమ్మట వరుని వెదకినట్లున్నది ఈ వ్యవహారము.

స్మారకసభ సామాన్యమైన కచేరీ కాదు. కచేరీలో శ్రోతలు గాయకుని విందురు. స్మారకసభలో గాయకుని ద్వారా మరియొక మహనీయుని విందురు. కావున మంచి గాయకులందరును ప్రతి స్మారకసభకు తగినవారని చెప్పుటకు వీలులేదు. ఆకాశవాణివారు పరీక్షచేసి బి, బి-హై, ఏ, టాప్ అను శ్రేణులు ఏర్పరచియున్నారు. ఆ శ్రేణి విద్వత్తునకు నిదర్శనమగును గాని, ఫలానివారి స్మృతికి ఫలానివారు తగుదురా యను ప్రశ్నకు ప్రత్యుత్తర మియ్యజాలదు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) వాయులీనమును పక్కవాద్యపు స్థానమునుండి ప్రధానవాద్యపు స్థానమునకు తెచ్చినవారిలో అగ్రగణ్యులు. వారి పేరిట సభ జరిపి, అందు గాత్రకచేరీ పెట్టి, ఫిడేలువాద్యకుని పక్కన కూర్చుండబెట్టినచో ఆ సభ ఎవరి స్మృతికై జరిగినదో బోధపడదు.

తగినవారిని వదలుటయేగాక, తగినవారిని వెలివేయుటయు మన చరిత్రలో జరిగినది. త్యాగరాజస్వామి 1847లో పుష్యబహుళ పంచమినాడు తిరువయ్యారులో సిద్ధి పొందిరి. కాలక్రమమున శిష్యపరంపరలవారిలో కక్షలు పుట్టి, ఆరాధనలు వేరువేరుగా జరుగుచుండెను. శిథిలమైయున్న సమాధిచోట బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ ధనము వెచ్చించి ఆలయము కట్టించి, ప్రతిష్ఠ జరిపించిరి. అయినను ఆ సన్నిధిలో స్త్రీలు పాడుటకు నిర్వాహకులు ఒప్పుకొనరైరి. ఆమె 1927 మొదలు స్త్రీలను కూడగట్టి ప్రత్యేకముగా ఆరాధన నడిపిరి. 1941 నాటికి కక్షలు ఏకమై, స్త్రీలకును ఆ సన్నిధిలో స్థానము లభించినది. నాగరత్నమ్మగారు 1952లో దివంగతులైరి. వారి సమాధి స్వామి సన్నిధికి చేరువనే యున్నది.

నాడు ఆమెను ఆపినవారు సంగీతద్వేషులు కారు. ఆచారమును కాపాడుచున్నామనియే నమ్మిరి. కాని వారు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈమె స్వామి కృతులను పాడగలదా? ఆ ప్రశ్నను విడిచి, ఆమె ఎవరు, ఎచ్చట పుట్టినది అని విచారించిరి. ఎంపికలో దోషమునకు మూల మిదియే.

ఈ దోషము మన తెలుగువారిలోను మరియొక రూపమున కనబడుచున్నది. తెలుగు కృతులను తెలుగువారే పాడవలెనని వాదించువారు మన సంఘములలో గలరు. వారి అభిమానము మెచ్చదగినదే. కాని చరిత్ర ఆ వాదమును బలపరచదు. స్వామి ప్రధానశిష్యులలో నొకరైన వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. ఉమయాళ్పురము, తిల్లస్థానము పరంపరలవారు కావేరీతీరమున ఆ కృతులను కాపాడిరి. మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి మూలమున ఆ పరంపర కృష్ణాతీరమున పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారికిని, వారివలన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికిని (1930–2016) సంక్రమించినది. క్షేత్రయ్య పదములను ఈ పట్టణపు జార్జిటౌనులో వీణ ధనమ్మాళుగారు (1867–1938) సాధనచేసి తమ సంతతికి అందించిరి. ఆ సంతతిలోని బృంద, ముక్త, బాలసరస్వతి గార్ల నోట ఆ పదములు వినియే పెక్కుమంది తెలుగువారు క్షేత్రయ్యను ఎరిగిరి. పుట్టుకచేతనే అర్హత నిర్ణయించినచో వీరందరును వేదిక దిగవలసివచ్చును.

అట్లని నాదమొక్కటియే చాలును, మాట యెట్లున్న నేమి యనువారి వాదమును అంగీకరింపలేము. తమిళలిపిలో క-గలకు, త-దలకు, ప-బలకు ఒక్కొక్క అక్షరమే గలదు. ఆ లిపిలో వ్రాసికొన్న సాహిత్యమును, అర్థము విచారింపక, చూచి నేర్చినవారు గతిని కతిగను, బాటను పాటగను మార్చి పాడుదురు. తమిళులు అచ్చువేయించిన కొన్ని కీర్తనగ్రంథములలో ఈ భేదమును తెలుపుటకు అక్షరములకు అంకెలు చేర్చియున్నారు. కావున శ్రద్ధ యున్నవారికి ఉపాయము లేకపోలేదు. తెలుగువారి బిడ్డలైనను మాటను నడుమ త్రుంచి, ముందటి పదపు తోకను వెనుకటి పదపు తలకు అతికించి పాడుటను మనము వినుచునే యున్నాము. దోషము భాషది కాదు, అశ్రద్ధది.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చెన్నపట్టణము మనకు దక్కలేదు. ఇచ్చట తరతరములుగా నున్న తెలుగువారి పిల్లలలో ఇంట తెలుగు మాటలాడుచు, ఆ లిపిని చదువలేనివారు పెక్కుమంది. వారి చెవికి మంచి తెలుగు సోకు తావులు కొలదియే; స్మారకసభ అందొకటి. అచ్చటను మాట చెడినచో, తమ పెద్దల భాష యిట్టిదే కాబోలునని వారు తలంతురు.

కావున సభానిర్వాహకుల యెదుట కొన్ని నియమములను పెట్టుచున్నాను. హాలు కుదుర్చుటకు ముందే, ఎవరి స్మృతికి సభయో వారు సంగీతమునకు చేసిన సేవ యేమో నిర్ణయించి, కృతులను ఎన్నుకొని, పిమ్మట వానిని పాడగలవారిని వెదకవలెను. పాడుకృతుల పట్టికను గాయకులు నెలదినముల ముందుగా ఈయవలెను. పక్కవాద్యములవారిని సభకు ముందునాటి సాయంకాలము టెలిఫోనులో పిలుచు పద్ధతి మానవలెను. క్రొత్తవారికి ఒక భాగము కేటాయించి, వారి పాటను పేరు తెలియనీయక, తెరచాటున విని నిర్ణయింపవలెను.

న్యాయస్థానములలో తన వ్యాజ్యెమునకు తానే న్యాయాధిపతి కారాదను సూత్ర మున్నది. ఎంపికసంఘములోని సభ్యుని కుమార్తెయో, శిష్యుడో, చందాదారుని కోడలో పేరు వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి వెలుపలికి పోవలెను. ఫలానివారిని ఏల ఎన్నుకొంటిమో రెండు వాక్యములు మినిట్సు పుస్తకమున వ్రాయవలెను. కారణము వ్రాయ చేయి రానిచో ఆ ఎంపిక సరికాదనుట స్పష్టము.

గాయకుల ప్రతిఫలమును గూర్చియు ఒకమాట. షామియానావానికి రొక్కము, పూలవానికి రొక్కము, మైకువానికి రొక్కము. గాయకునికి మాత్రము శాలువ, కొబ్బరికాయ! భక్తికి వెల యేమని మనము అడుగుదుము. ఆ భక్తి మైకువానికి ఏల ఉండరాదో చెప్పము. ఉచితముగా పిలిచినవానిని పట్టిక ఈయుమని, సాధనచేసి రమ్మని శాసించు హక్కు మనకు లేదు. సముచితమైన ప్రతిఫల మిచ్చినప్పుడే నియమము పెట్టగలము.

పేరుగల విద్వాంసులు లేనిదే జనము రారని, జనము రానిదే హాలు అద్దె గిట్టదని నిర్వాహకులు చెప్పుదురు. ఆ కష్టము యథార్థమే. ప్రసిద్ధులు నొకరిని పిలువుడు, దోషము లేదు. కాని వారికిని పట్టిక నియమము తప్పరాదు. మదురలో పుట్టిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు (1916–2004) కీర్తిశిఖరము నందుకొన్న పిమ్మట, తిరుమల తిరుపతి దేవస్థానముల కోరికపై అన్నమాచార్య సంకీర్తనలను శ్రద్ధతో నేర్చి పాడిరి. అంతటివారు నేర్చికొన సిద్ధపడగా, అడుగుటకు మనకు సంకోచ మెందులకు?

మహనీయులకు మనము చేయగల పూజ వారి సొమ్మును చెడనీయక తరువాతివారికి అప్పగించుటయే. ఆ సొమ్మును మోయగలవారు ఏ కులమువారైనను, ఏ భాషవారైనను, స్త్రీలైనను, పురుషులైనను వేదికపై కూర్చుండ నర్హులు. రాబోవు పుష్యబహుళ పంచమికి చెన్నపురి సంఘములు ఆహ్వానపత్రిక అచ్చువేయించుటకు పూర్వమే ఈ విచారణ జరుపుదురని ఆశించుచున్నాను.