లాంప్‌షేడ్ కింద ఉన్న మనిషి ఎవరు?



ఎస్వీయూ తమ్ముళ్లు, పద్మావతి మహిళా వర్సిటీ చెల్లెళ్లు ఈ మధ్య ఒకే వీడియో పంపుతున్నారు. "అన్నా, ఈ బొమ్మల సినిమాకి అర్థం ఏంది?" అని అడుగుతున్నారు. అర్జెంటీనాకి చెందిన సాంటియాగో బౌ గ్రాసో 2008లో తీసిన "ఎల్ ఎంప్లెయో" అది. స్పానిష్‌లో ఆ మాటకి ఉద్యోగం అని అర్థం. పది నిమిషాలు కూడా ఉండదు, ఒక్క డైలాగూ ఉండదు. కామెంట్లలోనూ స్టడీ సర్కిళ్లలోనూ దానికి చెప్తున్న అర్థం చూశాక ఈ వారం దీని మీదే రాయాలనిపించింది.

చూడనోళ్ల కోసం కథ చెప్తా. ఒకడు అలారం మోగితే లేస్తాడు. వాడింట్లో లాంపు ఒక మనిషి. తల మీద లాంప్‌షేడ్ పెట్టుకుని నిలబడి ఉంటాడు. గడ్డం గీసుకోడానికి అద్దం పట్టుకుని నిలబడింది ఒక మనిషి. కూర్చునే కుర్చీ మనిషి, తినే టేబులూ మనుషులే. బయటికొస్తే టాక్సీ కూడా మనిషే, వీపు మీద ఎక్కించుకుని మోసుకుపోతాడు. ట్రాఫిక్ లైట్లు మనుషులు. ఆఫీసు తలుపులు మనుషులు. లిఫ్టు పైకి పోవాలంటే రెండో వైపు బరువుకి ఒక లావుపాటి మనిషి కిందికి దిగుతాడు. ఒక్కరి మొహంలోనూ కోపం లేదు, ఏడుపు లేదు. చివరికి మన టై కట్టుకున్న ఉద్యోగి ఒక గది ముందుకు పోయి నేల మీద బోర్లా పడుకుంటాడు. పెద్ద బాసు వచ్చి వాడి వీపుకి బూట్లు తుడుచుకుని లోపలికి పోతాడు. మనవాడు ఒక నిట్టూర్పు విడుస్తాడు. వాడి ఉద్యోగం డోర్‌మ్యాట్.

జనం చెప్తున్న అర్థం ఏమంటే: "మనమందరం ఎవరో ఒకరికి డోర్‌మ్యాట్లమే. ఆధునిక మనిషి బతుకింతే." పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు చెప్పేవాడిదీ ఇదే మాట. ఎర్రజెండా పట్టిన కొందరు కామ్రేడ్లదీ ఇదే మాట. కాకపోతే వాళ్లు "పరాయీకరణ" అని ఇంకో మాట కలుపుతారు. కార్పొరేట్ ట్రైనరూ విప్లవ కామ్రేడూ ఒకే వాక్యం దగ్గర కలుసుకున్నారంటే ఆ వాక్యాన్ని ఒకసారి అనుమానించాలి.

"అందరమూ" అనే మాట దగ్గరే నాకు పేచీ. సినిమాలో లెక్కపెట్టండి. ఆ ఉద్యోగి ఒక్క బాసు కాలి కింద పడుకోకముందు ఎంతమంది మీద కూర్చున్నాడు, ఎక్కాడు, తిన్నాడు? వాడికి ఇల్లుంది, పడుకోడానికి మంచం ఉంది, పొద్దున టిఫినుంది, మెడకి టై ఉంది. లాంపు మనిషికి ఏముంది? వాడి ఇల్లు సినిమాలో ఎక్కడా కనపడదు. వాడి పొద్దుటి టిఫిను మనకి చూపించరు. డోర్‌మ్యాట్ మనిషికి కనీసం ఒక కథ ఉంది. లాంపు మనిషి ఆ కథలో సామాను. ఇద్దర్నీ ఒకే "అందరమూ"లో వేసి కట్టేస్తే లాభం ఎవరికి? పైమెట్టు మీద నిలబడినోడికి.

ఈ మెట్ల లెక్క మనకి కొత్త కాదు. బాబాసాహెబ్ 1936లో "కులనిర్మూలన" అచ్చువేసినప్పుడే తేల్చి చెప్పాడు. కులమంటే పనిని పంచుకోవడం అని మురిసిపోకండి, అది పనిచేసే మనుషుల్ని విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చడం అన్నాడు. ఈ అంతరువుల్లో ప్రతి మెట్టు మీదున్నోడికీ కింద తన్నడానికి ఇంకొకడు దొరుకుతాడు. అందుకే పైనోడు తంతే పడతాడు, పైకి మాత్రం తిరగబడడు. ఆ సినిమాలో డోర్‌మ్యాట్ మనిషి విడిచిన నిట్టూర్పు అదే. తన వీపు నొప్పి వాడికి తెలుసు. పొద్దున తాను కూర్చున్న కుర్చీకీ వీపుందని వాడికి గుర్తు రాలేదు.

రెండో సంగతి. ఆ సినిమాలో పుట్టుక లేదు. పేరు చూడండి, ఉద్యోగం. ఉద్యోగమంటే నచ్చకపోతే రాజీనామా రాయొచ్చు. లాంపు కొడుకు లాంపే కావాలని అందులో ఎక్కడా చెప్పలేదు. మన చిత్తూరు పల్లెల్లో అట్లా ఉందా? ఊరికి తలారి, వెట్టి అని ఉండేవాళ్లు. దండోరా వేయాలన్నా, చచ్చిన గొడ్డుని ఈడ్వాలన్నా, శవానికి గుంత తవ్వాలన్నా మాలపల్లె, మాదిగపల్లెకే కబురొచ్చేది. కూలి ఎంతని అడిగే హక్కు లేదు. కళ్లంలో మేర కింద పెట్టింది తీసుకోవడమే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాల్ని రద్దు చేస్తే రాష్ట్రమంతా గోల లేచింది. వంశపారంపర్య పెత్తనం పోయిందని ఏడ్చినోళ్లు ఏడ్చారు, నవ్వినోళ్లు నవ్వారు. వంశపారంపర్యంగా గుంత తవ్వే పని గురించి మాత్రం అంత గోల ఎవరూ చేయలేదు. కళేబరాలు మోయించడం, గుంతలు తవ్వించడం అట్రాసిటీ నేరమని 2015 సవరణ చట్టంలో రాశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఊళ్లో ఎవరైనా "మీ తాతలు చేసిన పనే కదరా" అంటే ఈ తేదీ గుర్తు పెట్టుకుని మాట్లాడండి.

మూడో సంగతి ముట్టుకోవడం. సినిమాలో ఉద్యోగి కుర్చీ మనిషి మీద కూర్చుంటాడు, టాక్సీ మనిషి మెడ పట్టుకుంటాడు, బాసు బూటు వీపుకి తగులుతుంది. ఎవరూ స్నానం చేయరు, ఎవరూ నీళ్లు చల్లుకోరు. అర్జెంటీనా బొమ్మల దర్శకుడి ఊహకి అందని పని మన దేశం చేసింది. మనిషిని పూర్తిగా వాడుకుంటూనే ముట్టుకోకుండా ఉండే పద్ధతి కనిపెట్టింది. పొలంలో మన చేతులు కావాలి, గ్లాసు మాత్రం వేరే కావాలి. ఆ సినిమాని మన దగ్గర తీసుంటే కుర్చీ మనిషి మీద ముందు ఒక గుడ్డ పరిచి ఉండేవాళ్లు.

ఇప్పుడు తిరుపతికి రండి. రోజుకి 60, 70 వేల మంది కొండెక్కి దిగే క్షేత్రం ఇది. తెల్లారుజామున బస్టాండు నుంచి అలిపిరి దాకా నడిచి చూడండి. భక్తుడు కళ్లు తెరిచేసరికి రోడ్డు శుభ్రంగా ఉండాలి, సత్రంలో మరుగుదొడ్డి కడిగి ఉండాలి. ఎవరు కడిగారో కనపడకూడదు. సినిమాలో లాంపు వెలుగుతుందిగానీ లాంపు మనిషి మొహం షేడ్ కింద దాగి ఉంటుంది చూడండి, అట్లా. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ అనే మాటలే మన కాలపు లాంప్‌షేడ్లు. వాటి కింద కులం పేరు కనపడదు. చీపురు పట్టినోళ్లు యే వాడలనుంచి వచ్చారని అడిగితే తెలిసిపోతుంది.

మ్యాన్‌హోల్ దగ్గరికి పోతే ఇంకా ఘోరం. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేశారు. 1993 నుంచి సీవర్లలో చచ్చిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. నిషేధించిన పనిలో చచ్చినోడికి పరిహారం రేటు పెరుగుతూ పోతుందంటే ఆ పని ఆగలేదని కోర్టు సాక్షిగా ఒప్పుకున్నట్టే. "అందరమూ డోర్‌మ్యాట్లమే" అనే పెద్దమనుషుల్ని ఒక్క ప్రశ్న అడగండి: మీలో ఎవరైనా మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చచ్చారా?

ఇక అసలు విషయం. ఆ సినిమా డోర్‌మ్యాట్ నిట్టూర్పుతో అయిపోదు. పేర్లు పడతాయి. చాలామంది అక్కడే వీడియో ఆపేస్తారు. పేర్లు పడ్డాక ఒక చిన్న ముక్క ఉంది. లాంపు మనిషి తల మీది లాంప్‌షేడ్ తీసి నేలకేసి కొడతాడు. అంతే. మాట లేదు, నినాదం లేదు. ఇన్ని వివరణలు చదివా, ఆ ముక్క గురించి మాట్లాడినోళ్లు తక్కువ. ఎందుకంటే మాట్లాడేవాళ్లు తమని డోర్‌మ్యాట్ మనిషిలో చూసుకున్నారు. వాడి నిట్టూర్పుతో వాళ్ల కథ అయిపోయింది. మన కథ మొదలయ్యేది పేర్లు పడ్డాకనే.

షేడ్ తీసి కొట్టడం అంటే ఏందో మన జనం బొమ్మల్లో చూసి నేర్చుకోలేదు. మన కుప్పం, వి.కోట పక్కనే కోలార్ బంగారు గనులున్నాయి. ఆ గనుల కాలనీల్లో పొడి మరుగుదొడ్లు ఎత్తే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తన వాళ్లు మోసే బుట్టని చూసి ఊరుకోలేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ అట్లా లేచింది. ఆడోళ్లు ఆ బుట్టలు తగలబెట్టారు, దొడ్లు కూలగొట్టారు. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకుల్ని బట్టలిప్పి కొట్టారు. దానికి జవాబుగా సురేంద్రనగర్‌లో మనోళ్లు కళేబరాలు తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. "మీ తల్లి కదా, మీరే ఎత్తుకోండి" అన్నట్టు. అదీ షేడ్ నేలకేసి కొట్టడమంటే.

మన రాష్ట్రంలోనూ చూశాం. 2023 డిసెంబర్ 26న మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగి, జనవరి రెండో వారం దాకా చీపురు పట్టలేదు. అదే రోజుల్లో అంగన్‌వాడీ అక్కలు సమ్మెలో ఉంటే ప్రభుత్వం 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. గమనించండి: జీతం అడిగినప్పుడు వాళ్లు అత్యవసరం కాదు, గౌరవ వేతనం తీసుకునే కార్యకర్తలు. పని ఆపినప్పుడే అత్యవసరమయ్యారు. లాంపు ఆరితేగానీ ఇంట్లో లాంపు ఉందని గుర్తు రాదు.

చివరిగా మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. అంబేద్కర్ ఫోటో పెట్టుకున్న మన హాస్టల్ గదిలో బాత్రూమ్ కడిగే అమ్మ పేరు ఎంతమందికి తెలుసు? మాల, మాదిగ అని మనం వాదులాడుకునే మీటింగులో రెల్లి బిడ్డ ఎంతసేపు మాట్లాడింది? మెట్ల వ్యవస్థ మన గుమ్మం బయటే ఆగిపోదు. మన పైనోడి బూటు గురించే మాట్లాడి మన కింద ఉన్న కుర్చీ గురించి మాట్లాడకపోతే మనదీ ఆ డోర్‌మ్యాట్ నిట్టూర్పే అవుతుంది, బాబాసాహెబ్ దారి అవదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సినిమాని స్టడీ సర్కిల్‌లో వేయండి. పేర్లు పడ్డాక లైట్లు వేయకుండా కూర్చోండి. షేడ్ నేల మీద పడ్డాక చర్చ మొదలుపెట్టండి. మొదట మాట్లాడే అవకాశం ఆ గది ఊడ్చే అమ్మకి ఇవ్వండి. ఆమె చెప్పే అర్థం నాకూ రాసి పంపండి. వచ్చే వారం దాని మీదే రాస్తా.

జై భీమ్.