చివరి మడి సంతకం
సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి కడప దాకా పారే కేసీ (కర్నూలు-కడప) కాలువను 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. కృష్ణా జలాల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టీఎంసీలు కేటాయించింది. అయినా చాపాడు, ఖాజీపేట వైపు రైతుకు ఎగువన వరి మడులు నిండాకే ఆశ. ఇందుకు వానను నిందించి ఊరుకోలేం, తప్పు పంపకంలోనూ ఉంది. ఆ పంపకాన్ని రైతులే చూసుకోవాలని 1997లో చట్టం చేసి సాగునీటి సంఘాలు పెట్టారు. ఎన్నికలైతే జరిగాయి, గేటు మీద పెత్తనం మాత్రం రైతు చేతికి రాలేదు. పూడికతీత పనులు ఎవరికన్నదే సంఘంలో పెద్ద చర్చ అయింది. ఇదే కర్నూలు, కడప పల్లెల్లో ఒక భూగర్భజల పథకం కింద రైతులు బోర్ల నీటిమట్టం తామే కొలిచారు, ఊరంతా కూర్చుని రబీ పంటల లెక్క వేసుకున్నారు. ఏ జరిమానా భయమూ లేదు, లెక్క అందరి కళ్లెదుటా ఉంది, అంతే. కాలువకూ అదే కావాలి. ఏ తూముకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో రోజూ పంచాయతీ గోడ మీద రాయండి. చివరి ఆయకట్టు రైతులు సంతకం చేయకుండా ఏ వంతుల పట్టికనూ ఖరారు చేయకండి.