వాక్యములో ఒక మాట: పుతోను

ఈ నెల మాట బైబిలు అంతటిలో ఒక్కచోటనే కనబడును. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము 16వ వచనములో, ఫిలిప్పీ పట్టణమందు పౌలుకు ఎదురైన చిన్నదానికి పట్టిన దయ్యము పేరు "పుతోను". కూటములలో ఈ భాగము చదువునప్పుడు చాలామంది ఆ మాట దగ్గర గొంతు తగ్గించి దాటిపోవుదురు. అర్థము అడిగినవారు తక్కువ.

గ్రీకులో అది ఒక పాము పేరు. పార్నాసస్ కొండ ప్రక్కనున్న డెల్ఫీని పూర్వము పుథో అనేవారు. అక్కడ కావలియున్న మహాసర్పమును అపొల్లో అను దేవుడు చంపెననియు, అది కుళ్లిపోయిన చోటు గనుక ఆ పేరు వచ్చెననియు వారి కథ. గ్రీకులో కుళ్లుట అను క్రియయు అట్టిదే. పాము చచ్చినను పేరు చావలేదు. అక్కడ ముక్కాలి పీటపై కూర్చుండి దేవుని మాటగా సోదె చెప్పు స్త్రీని పుథియ అనిరి. రాజులు సహా కానుకలు పట్టుకొని ఆమెను అడుగ వచ్చేవారు. పౌలు కాలమునకు, లోపలనుండి మరియొక గొంతు మాటలాడుచున్నట్లు పలికి సోదె చెప్పువారిని కూడ పుతోనులని పిలుచుట వాడుకయ్యెను. గ్రీకు రచయిత ప్లుటార్కు ఈ సంగతి వ్రాసియున్నాడు.

నల్లమల అంచున బ్రతుకు మన గిద్దలూరు, మార్కాపురం వారికి కొండచిలువ తెలియనిది కాదు. పిల్లలు ఇంగ్లీషు పాఠములో దానిని పైథాన్ అని చదువుచున్నారే, అదే ఈ పుతోను.

ఇంగ్లీషువారి కింగ్ జేమ్స్ బైబిలు ఈ వచనములో సోదె చెప్పు ఆత్మ అను అర్థమునిచ్చి ఊరుకొన్నది. మన తెలుగు అనువాదకులు పేరును పేరుగానే ఉంచిరి. అది మంచి పనియని మా అభిప్రాయము. పాత నిబంధనలో మాత్రము వారు వేరు దారి పట్టిరి. సౌలు ఏన్దోరులో విచారించిన స్త్రీ సంగతిలో హెబ్రీ మాట "ఓబ్". దానికి మన దేశపు మంత్రగాండ్ర మాటయైన "కర్ణపిశాచము"ను తెచ్చిరి. యెషయా 29:4లో ఆ ఓబ్ స్వరము నేలలోనుండి వచ్చునది. గ్రీకులోనికి మార్చినవారు దానిని కడుపుతో మాటలాడుట అనిరి. మనవారికి అది చెవిలో చెప్పునది. చోటు మారినది గాని గొణుగుడు మారలేదు.

ఇంతవరకు మాట సంగతి. లూకా చూపు మాత్రము దయ్యము మీదకంటె డబ్బు మీదనే ఎక్కువ నిలిచినది. ఆ చిన్నది బానిస. ఆమెకు యజమానుడు ఒకడు కాదు, యజమానులు. ఆమె నోట వచ్చిన మాట అబద్ధమును కాదు. పౌలును సీలను సర్వోన్నతుడైన దేవుని దాసులనియే కేకలు వేసినది. దయ్యము పోయెను అనుటకును, యజమానులకు లాభము మీది ఆశ పోయెను అనుటకును గ్రీకులో లూకా ఒకే క్రియ వాడెను. పిల్ల బాగుపడినదని వారిలో ఒక్కడును సంతోషించినట్లు లేదు. పౌలును సీలను పట్టుకొని సంతవీధికి ఈడ్చుకొనిపోయిరి.

పిల్ల కష్టపడగా పెద్దలు లాభము లెక్కపెట్టుకొనుట మనము చూడనిది కాదు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానము క్రింద మొదట చేపట్టిన పరిశ్రమలలో మన మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి.

మన పల్లెలలో ఎదిగిన పిల్ల మూర్ఛపోయినను, నిద్రలేక తనలో తాను మాటలాడుకొనినను, మొదట వినబడు మాట గాలి సోకినదనియే. తాయెత్తుకు ఒకరు, నిమ్మకాయలకు ఒకరు, వేపమండలతో కొట్టుటకు ఒకరు. చివరకు మన మందిరమునకు తెచ్చెదరు. ఇక్కడను ఉపవాసము పేరట ఆ పిల్లకు అన్నము మాన్పించి, జుట్టుపట్టి ఊపి, కానుక తీసికొనువారున్నారు. కఠినముగా వ్రాయుచున్నామని కొందరు అనుకొనవచ్చును. కానుక ఆగగానే ప్రార్థనయు ఆగినయెడల, అక్కడ పుతోను ఎవరిలోనున్నదో విచారింపవలెను.

మత్తయి 4:24లో దయ్యముపట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు. చాంద్రరోగమనగా మూర్ఛ. అదే సువార్త 17వ అధ్యాయములో రెండును కలిసిన బాలుడును ఉన్నాడు గనుక, చూడగానే ఏది ఏదో చెప్పగలమని ఎవరును అతిశయింపరాదు. సరియైన మందులు క్రమముగా వాడినచో మూర్ఛరోగులలో నూటికి 70 మంది వరకు ఫిట్లు లేకుండ బ్రతుకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మనస్సు చెదిరినవారి కొరకు 2022 నుండి టెలి మానస్ అను ప్రభుత్వ ఫోను సేవ ఉన్నది. నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును. తల్లి ప్రార్థించుచునే బిడ్డకు మాత్ర మ్రింగించుటకు ఏ వచనమును అడ్డము రాదు.

దయ్యము పేరు వ్రాసిన లూకా ఆ చిన్నదాని పేరు వ్రాయలేదు. చెరసాలనుండి విడుదలైన పౌలు సీలలు లూదియ ఇంటికి వెళ్లి, సహోదరులను చూచి, ఆదరించి బయలుదేరిపోయిరి. ఆ ఇంటిలో ఆ దినమున ఆ చిన్నదియు కూర్చుండియుండెనో లేదో వాక్యము చెప్పదు.