ఎస్‌కి ముందా, వెనకా?

మొన్న శనివారం సాయంత్రం పక్కింటి అమ్మాయి వచ్చింది. అమ్మాయంటే ముప్ఫై అయిదేళ్ళది లెండి, నన్ను అక్కా అని పిలుస్తుంది గనక నాకు అమ్మాయే. చేతిలో కూతురి స్లిప్ టెస్టు కాగితం. పదింటికి మూడు. ఏడు ఎర్ర ఇంటూలు, కింద 'కేర్‌లెస్' అని ఒక మాట, ఆ కింద ఇంకో వాక్యం: ఇంట్లో పిల్లతో ఇంగ్లీషులోనే మాట్లాడవలసిందని.

"నా మూలంగానే పోయాయట అక్కా మార్కులు. నేను తెలుగు మీడియం కదా!" అంది నవ్వబోయి. నవ్వు సరిగా రాలేదు. వెనకాలే వచ్చిన పిల్ల, ఏడో తరగతి, "అమ్మకి ఇవన్నీ తెలీవులే ఆంటీ" అంది చాలా మామూలుగా. ఆ మామూలుతనమే నాకు చురుక్కుమనిపించింది.

కాగితం చూశాను. 'ది టాయ్స్ ఆఫ్ ది చిల్డ్రన్' అని ఇచ్చి దాన్ని కుదించి రాయమన్నారు. పిల్ల 'చిల్డ్రన్స్ టాయ్స్' అనే రాసింది. తప్పల్లా ఎక్కడంటే, అపాస్ట్రఫీని (అదే, అక్షరం నెత్తిన వేలాడే కామాని) ఎస్‌కి వెనక పెట్టింది. ముందు పెట్టాలి. విమెన్ దగ్గరా అంతే, మెన్ దగ్గరా అంతే. ఎలుకలూ, బాతులూ, ఎద్దులూ, పోలీసులూ అందరి దగ్గరా అదే తప్పు.

నోట్సు తెప్పించాను. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో సూత్రం రాసివుంది: ఏకవచనమైతే గుర్తు ఎస్‌కి ముందు, బహువచనమైతే ఎస్‌కి వెనక. బళ్ళో చెప్పి రాయించినదే. మరి చిల్డ్రన్ బహువచనమా, కాదా? విమెన్ బహువచనమా, కాదా? పిల్ల చెప్పినది చెప్పినట్టు చేసింది. చెప్పినట్టు చేసినందుకే ఏడు ఇంటూలూ పడ్డాయి! కేర్‌లెస్ ఎవరండీ? నన్నడిగితే ఆ క్లాసులో అందరికంటే శ్రద్ధగా విన్నది ఈ పిల్లే.

"నవలలు రాసుకునేదానివి, నీకెందుకీ గ్రామరు గొడవ?" అన్నారు మావారు పేపరు చాటునుంచి. నిజమే, నేను బి.ఏ. ప్యాసయ్యాను, అదీ తెలుగు మీడియంలో. ఇంగ్లీషులో పండితురాల్నని ఎవరితోనూ అనలేదు. కానీ తప్పుడు సూత్రం బళ్ళో చెప్పి, దాని పాపం ఇంట్లో వంట చేసుకుంటున్న తల్లి నెత్తిన వేస్తే ఊరుకోవాలా? కూతురి ఎదుటే ఆవిణ్ణి ఏమీ రానిదాన్ని చేసి కూర్చోబెట్టారే, దానికి ఎవరికి వేయాలి ఇంటూ?

అసలు ఇందులో చిక్కెక్కడుందో చూడండి. ఒక కుర్రాడి బంతి, ఇద్దరు కుర్రాళ్ళ బంతి, ఊరికే కుర్రాళ్ళు. తెలుగులో ఈ మూడూ మన చెవికే తెలిసిపోతాయి. ఇంగ్లీషులో మూడూ 'బాయ్స్' అనే వినిపిస్తాయి. తేడా అంతా కాగితం మీదే, కంటికే. అందుకే నేనిక్కడ తెలుగులో 'బాయ్స్' అని రాస్తే ఏ బాయ్సో మీకు తెలియదు. ఇంగ్లీషులోనే మాట్లాడండని రాసి పంపారే ఆ మహానుభావులు, ఇరవై నాలుగు గంటలూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నా ఆ కామా ఎవరి నోట్లోంచీ ఊడిపడదు! పలకని గుర్తు మాట్లాడితే ఎలా వస్తుందండీ?

పిల్లని పీట మీద కూర్చోబెట్టి నేనడిగింది ఒక్కటే ప్రశ్న, అదీ తెలుగులోనే: "ఈ బొమ్మలు ఎవరివే?"

"పిల్లలవి."

"పిల్లలంటే ఇంగ్లీషులో ఏమిటి? పూర్తిగా రాయి."

చిల్డ్రన్ అని రాసింది. "సొంతదారు మాట అయిపోయిందా? ఇప్పుడు గుర్తు పెట్టు. చివర ఎస్ వుందా?" లేదంది. "అయితే చేర్చు." చేర్చింది. తర్వాత 'అమ్మాయిల హాస్టలు' ఇచ్చాను. గర్ల్స్ అని పూర్తిగా రాసింది, గుర్తు పెట్టింది, ఎస్ ముందే వుందిగా అని ఆగిపోయింది. ఒక్క అమ్మాయి గౌనైతే గర్ల్, గుర్తు, ఎస్. అంతేనండీ. ఏకవచనమూ బహువచనమూ, ముందూ వెనకా అని బట్టీ పట్టవలసింది ఏమీ లేదు. సొంతదారుల్ని ముందు పూర్తిగా రాయడం, ఆ తర్వాతే గుర్తు. విమెన్‌కి ఎస్ తగిలించి ఆ వెనక గుర్తు పెడితే మనం 'ఆడవాళ్ళులు' అన్నట్టుంటుంది అని చెబితే పిల్ల పకపకా నవ్వింది. ఇలాంటి బోర్డులు ఊళ్ళో ఎన్ని చూశానో లెక్కలేదు. (దాస్ లాగా పేరు చివరే ఎస్ వుంటే మటుకు ఇంకో ఎస్ చేర్చాలా వద్దా అని ఇంగ్లీషువాళ్ళే ఇప్పటికీ తగువులాడుకుంటారు. ఆ తగువు వాళ్ళకే వదిలేద్దాం.)

తెలుగులో ఇదే పని ఎంత సుళువో గమనించారా? పిల్లలు, పిల్లల. పువ్వులు, పువ్వుల. చివరి కొమ్ము దిగిపోతే చాలు, సొంతదారులు వచ్చేస్తారు. పుట్టిన దగ్గర్నుంచీ పిల్ల నోట్లో వున్న ఈ జ్ఞానాన్ని వాడుకోకుండా, ఆ భాష గుమ్మం బయట వదిలి రమ్మంటే, పిల్లకి మిగిలేది బట్టీ. బట్టీ పట్టిన సూత్రమే తప్పయితే ఇక చెప్పేదేముంది?

ఈ గుర్తుకి కూడా పెద్ద చరిత్రే వుంది. ఇంగ్లీషువాళ్ళు పదహారో శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళని చూసి తెచ్చుకున్నారు, పలకకుండా ఎగరగొట్టిన అక్షరానికి గుర్తుగా. పాత ఇంగ్లీషులో 'యొక్క' అనడానికి చాలా మాటల చివర వుండే 'ఇఎస్' లోంచి ఇ జారిపోయింది. దాని సమాధి మీద రాయిలా ఈ కామా మిగిలింది. ఎస్‌తో ముగిసే బహువచనాల వెనక గుర్తు పెట్టడమనేది పద్దెనిమిదో శతాబ్దం చివరికి గాని కుదురుకోలేదు. అంటే వాళ్ళకే అన్ని తరాలు పట్టిందన్నమాట. మన పిల్లకి నలభై నిమిషాల పీరియడిచ్చారు.

ఇంకో తమాషా. కింగ్స్ అంటే 'కింగ్ హిజ్', రాజూ అతనిదీ అని అర్థమనీ, ఆ 'హిజ్' చిక్కిపోయి ఎస్ అయిందనీ చాలాకాలం నమ్మారు. అంటే సొంతం అనేసరికి మగవాడే మనసులో మెదిలాడు కాబోలు! 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ గారు దీన్ని ఒక్క దెబ్బతో తోసిపారేశారు. అలాగైతే ఆడవాళ్ళ పేర్లకీ, బహువచనాలకీ కూడా అదే ఎస్ ఎలా వస్తోంది, వాటికి 'హిజ్' ఎలా అతుకుతుంది అన్నారు. ఏమాట కామాట, ఆ ఒక్క పాయింటుకి ఆయనకి దణ్ణం పెట్టాలి.

గుర్తు జరిగితే ఏం కొంప మునుగుతుందంటారా? ఇంగ్లండులో రెండు కాలేజీలున్నాయి. ఆక్స్‌ఫర్డులో క్వీన్స్ కాలేజీ 1341లో ఫిలిప్పా అనే ఒక్క రాణి పేరున పుట్టింది, గుర్తు ఎస్‌కి ముందు. కేంబ్రిడ్జిలో క్వీన్స్ కాలేజీని 1448లో మార్గరెట్ రాణి పెట్టింది, 1465లో ఎలిజబెత్ ఉడ్విల్ రాణి మళ్ళీ నిలబెట్టింది. గుర్తు ఎస్‌కి వెనక. పైగా ఆ ఇద్దరు రాణుల పక్షాలూ సింహాసనం కోసం కత్తులు దూసుకున్నవి. అయినా ఆ చిన్న కామా చాటున ఇద్దరూ ఒక గుమ్మం కింద వున్నారు. ఒక్క మిల్లీమీటరు ముందుకి జరిపితే రెండో రాణిగారు మాయం!

అంత దూరం ఎందుకు, మా అపార్టుమెంటులోనే మూడో అంతస్తులో 'ది రావ్స్' అని ఇత్తడి బోర్డు వుంది. గుర్తు ఎస్‌కి ముందుంది. ఊరికే రావులు అని చెప్పడానికి గుర్తే అక్కర్లేదు, రావులందరి ఇల్లు అని చెప్పాలంటే వెనక వుండాలి. ఇప్పుడున్న చోట దానర్థం ఒక్క రావుగారిదని. ఆ ఫ్లాటుకి బ్యాంకు వాయిదాల్లో సగం ఆవిడ జీతంలోంచి పోతోందని లిఫ్టులో నాకావిడే చెప్పింది. బోర్డు చేసినవాడికి ఇదంతా తెలియదనుకోండి. అయినా రోజూ గుమ్మం దాటేటప్పుడు నా కళ్ళు అక్కడికే పోతాయి.

అత్తగారి సంగతి మరీ విచిత్రం. ఇంగ్లీషులో అత్తగార్లు ఇద్దరైతే ఎస్ మాట మధ్యలో, మదర్ దగ్గర చేరుతుంది. వాళ్ళ సొంత సొమ్మేదైనా వుంటే ఇంకో ఎస్, గుర్తుతో సహా, లా తర్వాత చిట్టచివర చేరుతుంది. మదర్స్-ఇన్-లాస్. ఇద్దరత్తలు ఒక కోడలికి రెండు వైపులా కూర్చున్నట్టు లేదూ? మనకి అత్తగార్ల అంటే సరిపోయింది.

మా బాబాయిగారు రిటైరైన మనిషి, అన్నిటికీ ఆయన దగ్గరో జవాబుంటుంది. "ఆ గుర్తే తీసి పారేస్తే పోలే? 2009లో బర్మింగ్‌హామ్ వాళ్ళు వీధి బోర్డుల మీంచి తీసేశారు, 2012లో వాటర్‌స్టోన్స్ పుస్తకాల కొట్టువాళ్ళు తమ పేర్లోంచి తీసేశారు, బెర్నార్డ్ షా ఎప్పుడో తీసేశాడు" అన్నారు. షా తీసింది డోంట్, వోంట్ లాంటి మాటల్లోంచి బాబాయ్. 1892లో ఆడిన ఆయన మొట్టమొదటి నాటకం పేరే 'విడోవర్స్ హౌసెస్', భార్యలు పోయిన మగవాళ్ళ ఇళ్ళు. ఎస్ వెనక గుర్తు నిక్షేపంలా వుంది. సొంతదారులెందరో చెప్పాల్సిన చోట షా అంతటివాడు కూడా దాన్ని ముట్టుకోలేదు. కొట్టు బోర్డు మీద లేకపోతే నష్టంలేదు గానీ, పిల్ల పరీక్ష కాగితంలో మార్కులు వేసేవాళ్ళు ఇంకా వేస్తున్నారు. వాళ్ళు మానేసేదాకా పిల్లకి తెలియాల్సిందే కదా?

ఆ సాయంత్రం పిల్లకి బాగా పట్టుకున్నవి రెండు పండుగలు. రాధాకృష్ణన్ గారు తన పుట్టినరోజుని ఉపాధ్యాయులందరి రోజుగా జరపమన్నారని చెబుతారు. 1962 నుంచి సెప్టెంబరు 5 టీచర్స్ డే అయింది. ఒక్కరి రోజు అందరిదీ అయింది, కనక గుర్తు ఎస్ దాటి వెనక్కి వెళ్ళింది. మదర్స్ డే దీనికి అడ్డం తిరిగింది. అమెరికాలో 1908లో దాన్ని మొదలుపెట్టిన అన్నా జార్విస్ గుర్తు ఎస్‌కి ముందే వుండాలని పట్టుబట్టింది. లోకంలో తల్లులందరికీ కాదు, ఎవరి ఇంట్లో వాళ్ళ అమ్మకి అని. 1914లో ప్రెసిడెంటు విల్సన్ దేశానికంతటికీ ఆ పండుగ ప్రకటించారు.

పిల్ల ఇదంతా విని పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. ఆ తర్వాత, "అయితే ఆంటీ, నాకు అక్కా చెల్లీ ఎవరూ లేరు కదా, నేనొక్కదాన్నే. మరి 'నా అమ్మ' అనకుండా 'మా అమ్మ' అంటానేం?" అంది.

నేను నోరు తెరిచేలోగా వాళ్ళమ్మ అందుకుంది. "మీ నాన్నకి కూడా రోజూ అన్నం కలిపి ముందు పెట్టేది నేనేగా, అందుకూ!"