జ్ఞాపకశక్తి అంగడి సరుకా?

రోజూ పావుగంట ఫోనులో ఆటలాడితే చాలు, ముదిమిలో మతి చెడకుండా కాపాడుకోవచ్చునని వ్యాపారులు నమ్మబలుకుతున్నారు. మతిమరుపు భయం ఉన్నచోట ఇటువంటి సరుకుకు గిరాకీ ఉండడంలో వింత లేదు.

అమెరికాలో ఈ ప్రచారానికి 2016లోనే ఎదురుదెబ్బ తగిలింది. ‘లూమాసిటీ’ ఆటలను విక్రయించే సంస్థ తగిన ఆధారాలు లేకుండా ప్రకటనలు గుప్పించిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపగా, ఆ సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. అలాగని మెదడుకు శిక్షణ పూర్తిగా వృథా అనలేము. 65 ఏళ్లు, అంతకు మించిన 2,802 మందిపై అక్కడే జరిగిన ‘యాక్టివ్’ పరిశోధనలో, ఏ నైపుణ్యంలో శిక్షణ ఇచ్చారో ఆ నైపుణ్యం మెరుగుపడింది. చూచినదానిని త్వరగా గ్రహించే అభ్యాసం చేసినవారిలో పదేళ్ల తర్వాత డిమెన్షియా తక్కువగా కనిపించిందని 2017లో వెల్లడించారు. అయితే ఒక అభ్యాసం ఫలితాన్ని అంగట్లోని ప్రతి ఆటకూ అంటగట్టడం మోసమే.

మన దేశంలో 60 ఏళ్లు, ఆ పైబడినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పురుషులకంటె స్త్రీలలో, పట్టణాలకంటె గ్రామాలలో ఇది ఎక్కువ. చదువు లేమి, వినికిడి లోపం, చూపు మందగించడం, రక్తపోటు, మధుమేహం, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిదిద్దితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చునని 2024లో లాన్సెట్ సంఘం తేల్చింది. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన విషయం మరింత గమనార్హం. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. నిరక్షరాస్యులలో సైతం ఈ తేడా కనిపించింది.

మరి ఢిల్లీ ఏలికలు చేస్తున్నదేమి? 70 ఏళ్లు నిండిన వారందరికీ 2024లో ఆయుష్మాన్ భారత్ బీమాను వర్తింపజేయడం మెచ్చదగినదే. కాని అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తర్వాత అక్కరకు వచ్చేది. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు ఇచ్చే వయోశ్రీ పథకం 2017లో మొదలైనా శిబిరాలపై ఆధారపడి నడుస్తున్నది. 80 ఏళ్లలోపు పేద వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా 2007 నాటి 200 రూపాయల వద్దనే నిలిచిపోయింది. పెంచవలసిందని పార్లమెంటు స్థాయీ సంఘం పలుమార్లు సిఫారసు చేసినా ఆలకించినవారు లేరు.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వృద్ధులకు చెవి, కన్ను, రక్తపోటు, మధుమేహ పరీక్షలు ఏటా జరగాలి. అవసరమైన పరికరం అక్కడే అందాలి. పార్లమెంటు సభ్యులు పట్టుబట్టవలసింది దీనికోసం. ఓపిక ఉన్నవారు ఆటలు ఆడుకోవచ్చును. వాటిని చూపి ప్రభుత్వం తన బాధ్యతను తప్పించుకోరాదు.