విరుగుడు లేని గడ్డి మందు మనకెందుకు?

రసాయనాలతో కలుపు తీయడం పూర్తిగా మానివేయమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వానాకాలంలో కలుపు కూలీలు దొరకక, పత్తి చేను గడ్డితో మూసుకుపోతున్నప్పుడు రైతు పడే ఆందోళన నేను ఎరుగుదును. నా అభ్యంతరం ఒకే ఒక్క మందు గురించి. దాని పేరు పారాక్వాట్ డైక్లోరైడ్. వేర్వేరు వ్యాపార నామాలతో 24 శాతం ద్రావణంగా ఎరువుల దుకాణాల్లోకి వచ్చిన ఈ మందును పల్లెల్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. గడ్డి మందు అంటారు. దీనిని దేశవ్యాప్తంగా, శాశ్వతంగా నిషేధించాలనీ, అందువల్ల వ్యవసాయానికి వచ్చే నష్టమేమీ లేదనీ నా వాదన.

ముందుగా ఇది పనిచేసే తీరు తెలుసుకోండి. పచ్చని ఆకు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునేటప్పుడు దాని కణాల్లో ఎలక్ట్రాన్లు ఒక వరుసలో ప్రవహిస్తాయి. పారాక్వాట్ మధ్యలో దూరి ఆ ఎలక్ట్రాన్లను లాక్కొని ఆక్సిజన్‌కు అందిస్తుంది. అప్పుడు పుట్టే విషపదార్థాలు కణాల పొరలను కాల్చివేస్తాయి. అందుకే ఎండలో పిచికారీ చేస్తే కొన్ని గంటల్లోనే గడ్డి వాడిపోతుంది. రైతుకు నచ్చేది ఈ వేగమే.

మనిషి శరీరంలోనూ ఇదే తంతు. ఊపిరితిత్తుల కణాలు తమకు కావలసిన కొన్ని సహజ పదార్థాలను రక్తం నుంచి లోపలికి లాగుకుంటాయి. పారాక్వాట్ అణువు ఆకృతిలో వాటిని పోలి ఉంటుంది గనుక, ఆ కణాలు దీనినీ ఆహ్వానించి పోగుచేసుకుంటాయి. రక్తంలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు అక్కడ చేరుతుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌కు కొదవ లేదు కదా! ఊపిరాడని రోగికి ఆక్సిజన్ పెట్టడం వైద్యుని ప్రథమ కర్తవ్యం. ఇక్కడ ఆ ఆక్సిజనే మంటలో పోసిన నెయ్యి అవుతుంది. తప్పనిసరి అయ్యేవరకు ఇవ్వకుండా చేతులు కట్టుకొని నిలబడవలసిన పరిస్థితి వైద్యశాస్త్రంలో మరెక్కడా దాదాపు కనబడదు.

దీనికి విరుగుడు లేదు. ఈ చిన్న వాక్యాన్ని తేలికగా తీసుకోవద్దని మనవి. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు తాగినవారికి అట్రోపిన్ ఉంది, అవసరమైతే వెంటిలేటర్ ఉంది. అపస్మారకంలో వచ్చినవారు నడిచి ఇంటికి వెళ్లడం మా వార్డుల్లో మామూలు విషయం. గడ్డి మందు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. రోగి మాట్లాడుతూ నడిచి వస్తాడు. నోరు పూసి, గొంతు మండుతుంటుంది, అంతే. బంధువులు గండం గడిచిందనుకుంటారు. రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు మొండికేస్తాయి, కాలేయం దెబ్బతింటుంది. ఆ తరువాత ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడి పీచులా మారుతాయి. ఇదంతా జరుగుతున్నంతసేపూ మనిషి స్పృహలోనే ఉంటాడు. బతకాలని ఉందని, ఎలాగైనా బతికించమని అడుగుతాడు. డయాలసిస్, రక్తశుద్ధి, స్టెరాయిడ్లు, ఇంకా ఇతర మందులు ప్రయత్నిస్తాం. వీటిలో ఏదీ కచ్చితంగా కాపాడుతుందన్న రుజువు నేటికీ లేదు. ఈలోగా ఆ కుటుంబం ఎకరమో, మెడలోని బంగారమో కోల్పోతుంది.

ఇంకొక చిక్కు పేరుతోనే వస్తుంది. గ్లైఫోసేట్‌ను కూడా జనం గడ్డి మందనే అంటారు. గ్లైఫోసేట్ తాగినవారిలో అధిక సంఖ్యాకులు బతుకుతారు. పారాక్వాట్ తాగినవారిలో మరణాలు చాలా ఎక్కువ. సీసా వెంట తీసుకురాకపోతే అది ఏ మందో తేల్చుకోవడానికే విలువైన గంటలు పోతాయి. సోడియం డైథయోనైట్ కలిపితే పారాక్వాట్ ఉన్న మూత్రం నీలిరంగుకు తిరుగుతుంది. ఇది ఖరీదు లేని పరీక్ష. అయినా ప్రతి ఆసుపత్రిలో ఆ పొడి సిద్ధంగా ఉంటుందని చెప్పలేను.

ఇక ఎదురయ్యే మొదటి ఆక్షేపణ: చావదలచుకున్నవాడు ఈ మందు కాకపోతే మరొకటి వెతుక్కుంటాడు గదా అని. చదువుకున్నవారు సైతం ఈ మాట అంటుంటే ఆశ్చర్యం వేస్తుంది. పల్లెల్లో ఈ పనికి పాల్పడేవారిలో చాలామంది ముందునుంచి పథకం వేసుకున్నవారు కారు. ఇంట్లో ఒక మాట పట్టింపు, అప్పిచ్చినవాని దూషణ, పరీక్షలో తప్పడం, ఆ ఉద్వేగంలో చేతికందిన సీసా. ఆ ఉద్వేగం గంటల్లో చల్లారుతుంది. చేతికందినది తక్కువ విషమైతే ఆ మనిషి బతికి, పిల్లల పెళ్లిళ్లు చేస్తాడు.

ఇది నా ఊహ కాదు. శ్రీలంక పారాక్వాట్‌తో పాటు మరి రెండు పురుగుమందులను 2008 నుంచి 2011 మధ్య దశలవారీగా నిషేధించింది. 2011, 2015 సంవత్సరాల మధ్య పురుగుమందుల వల్ల జరిగే ఆత్మహత్యల రేటు అక్కడ సగానికి పడిపోయింది. మొత్తం ఆత్మహత్యల రేటూ అయిదో వంతు తగ్గింది. మరో మార్గం వెతుక్కుంటారన్న వాదమే నిజమైతే ఆ రెండో అంకె తగ్గకూడదు. దక్షిణ కొరియా 2011లో అనుమతి రద్దుచేసి, 2012లో అమ్మకం ఆపింది. 2013 నాటికే పురుగుమందుల ఆత్మహత్యలు దాదాపు సగమయ్యాయి. పంట దిగుబడులు పడిపోయిన దాఖలా కొరియాలోనూ లేదు, శ్రీలంకలోనూ లేదు.

రెండో ఆక్షేపణ రైతు తరఫున వస్తుంది, అది గౌరవించదగినది. కాని పొలంలో ఈ మందు సాధించేది ఏమిటో చూడండి. తగిలిన పచ్చని భాగాన్ని మాత్రమే మాడుస్తుంది, వేరు జోలికి పోదు. తుంగ, గరిక మళ్లీ చిగురిస్తాయి, రైతు మళ్లీ దుకాణానికి వెళతాడు. పత్తిలో విత్తిన రెండు రోజుల్లోపు పెండిమిథాలిన్, 20–25 రోజులకు గడ్డిజాతి కలుపుకు క్విజలోఫాప్ ఇథైల్, వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం వాడి, సాళ్ల మధ్య గుంటక తోలితే సరిపోతుంది. గుంటక లేనిచోట పవర్ వీడర్ అద్దెకు తెచ్చుకోవచ్చు. వరిలో నాటిన 3–5 రోజుల్లో ఇసుకలో కలిపి చల్లే ప్రెటిలాక్లోర్, 15–20 రోజులకు బిస్పైరిబాక్ సోడియం ఉన్నాయి. ఈ మందులేవీ తీర్థం కావు. వీటినీ జాగ్రత్తగానే వాడాలి. అయితే ఒక పొరపాటుకు ప్రాణమే మూల్యంగా అడిగే తీరు వీటిది కాదు. గుంటక ఖర్చు కొంత ఎక్కువన్నది నిజమే. ఆ తేడాను భరించవలసింది ప్రభుత్వం, రైతు ఇల్లు కాదు.

సీసా మీది గుర్తు కూడా మోసగిస్తుంది. మన దేశంలో విషతీవ్రతను త్రికోణం రంగుతో చూపుతారు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎరుపు. ఇంతటి ఈ మందుకున్నది దాని తరువాతిదైన పసుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోనూ ఇది మధ్యస్థ ప్రమాదకరమైన రెండో తరగతిలోనే ఉంది. కారణం, ఈ లెక్కకు ప్రధానంగా ఆధారం ఎలుకలను చంపే మోతాదు. విరుగుడు ఉందా లేదా అన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటు లేదు. ఎలుకకు ఆసుపత్రి అక్కరలేదు కాబట్టి కాబోలు!

స్విట్జర్లాండ్ 1989లో, ఐరోపా సమాఖ్య 2007లో, థాయిలాండ్, బ్రెజిల్ 2020లో దీనిని వెళ్లగొట్టాయి. చైనా తన రైతులకు ఈ ద్రావణం అమ్మకాన్ని 2016లో ఆపింది, ఎగుమతి మాత్రం ఆపలేదు. ఐరోపా నిషేధం తరువాత కూడా ఇంగ్లండులోని కర్మాగారంలో ఏళ్ల తరబడి ఇతర దేశాల కోసం ఇది తయారైంది. తమ పొలానికి పనికిరానిది మన పొలానికి ఎలా పనికివస్తుందో వారే చెప్పాలి. మన దేశంలో కేరళ 2011లోనే దీనిని దూరంపెట్టింది. అయితే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం 27వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం ఒక మందును 60 రోజులు ఆపగలదు, పొడిగించినా మరో 30 రోజులే. అది ఒక పంటకాలానికైనా చాలదు. శాశ్వత నిర్ణయం ఢిల్లీలో జరగాలి. మీ పార్లమెంటు సభ్యుణ్ణి అడగవలసింది ఆ నిర్ణయం గురించే.

పట్నంలో ఉంటూ ఊళ్లో పొలం కౌలుకిచ్చిన పాఠకులు నాకు చాలామంది ఉన్నారు. కౌలు మాట్లాడేటప్పుడే ఈ మందు వద్దని చెప్పండి, గుంటక బాడుగలో కొంత మీరు భరించండి. ఇప్పటికే ఇంట్లో మిగిలి ఉంటే తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. మద్యం సీసాలోకో కూల్‌డ్రింక్ సీసాలోకో వంపి పెట్టడం పిల్లల ప్రాణాలతో చెలగాటం. కారే స్ప్రేయరును వీపున వేసుకోరాదు. పుండు, గాయం ఉన్న చర్మం గుండా కూడా ఈ విషం లోపలికి పోతుంది. ఇంట్లో ఎవరైనా మనసు చెడి ఉన్నారనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులోనే మాట్లాడతారు. జరగరానిది జరిగితే ఉప్పునీళ్లు తాగించి వాంతులు చేయించే ప్రయత్నం చేయవద్దు. మందు పడిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, మనిషి బాగానే మాట్లాడుతున్నా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి చేర్చండి. సీసాను వెంట తీసుకువెళ్లడం మరవకండి.