ఊరివానికి గది లేదట!

2024 సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి బెజవాడలోని సింగ్ నగర్‌ను ముంచివేసెను. మరునాడు ప్రకాశం బ్యారేజి మీదుగా కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారెను. పలు వీధులలో నీరు దినములతరబడి తీయలేదు. ఆ దినములలో ఒక సాయంకాలము, పడవమీద బయటపడిన ఒక కుటుంబమును వెంటబెట్టుకొని నేనొక హోటలునకు పోయితిని. వెంట వృద్ధురాలైన తల్లి, చంటిబిడ్డ. చేత సొమ్మును గలదు. గుమాస్తా తాళపుచెవి తీయబోయి, ఆధార్ కార్డు మీది చిరునామా చూచి చేయి వెనుకకు దీసెను. “లోకల్ వారికి ఇవ్వమండి, పోలీసువారి ఉత్తరువు” అనెను. ఆ ఉత్తరువేదో చూపుమంటిని. చూపలేదు. గుంటూరునుండి వచ్చిన వర్తకునకు మా కన్నులయెదుటనే గది దొరకెను.

ఇది ఏ చట్టమందున్నది? 1867 నాటి సరాయిల చట్టమున లేదు. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత మాత్రమే ఏ పౌరునికిని హోటలు ప్రవేశము నిరాకరింపరాదని రాజ్యాంగపు 15వ అధికరణము చెప్పుచున్నది. అందు నివాసస్థలమను మాట లేదు. ఆ సందులోనుండియే ఈ యాచారము తల దూర్చుచున్నది. సందులు వెదకుట మాబోటి వకీళ్లకు జీవనమే గాని, ఈ సందు నాకు రుచింపలేదు.

హోటలువారి భయమును నేనెఱుగనివాడను గాను. ఊరివాడు ఊరిలోనే గది యడిగిన నేదో రహస్యకార్యమునకని వారి యనుమానము. తనిఖీ వచ్చినచో ఠాణాచుట్టు తిరుగవలసినది వారే. మామూలు దినములలో ఆ జాగ్రత్తను కొంత క్షమింపవచ్చును. మన పూర్వుల సత్రములును పరదేశికొఱకే వెలసినవి, ఊరివానికి ఇల్లుండును గనుక. ఆ యిల్లే నీట నున్నప్పుడు వాడు పరదేశి గాక మఱెవడు? కన్నతల్లిని చేయిపట్టి నడిపించుకొని వచ్చినవానియందు ఏ దుర్నీతిని శంకింతురు?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము 65వ సెక్షను రక్షణకార్యములకై భవనములనే స్వాధీనపఱచుకొను నధికారమిచ్చుచున్నది. కట్టడమునే తీసికొనగలవారికి, సొమ్మిచ్చువానికొక గది యిండని చెప్పుట కష్టమా? ముంపు హెచ్చరికతోడనే కలెక్టరుగారు వ్రాతమూలకమైన యుత్తరువొకటి వెలువరింపవలెను: చిరునామా కారణముగా గది నిరాకరింపరాదు, చేర్చుకొన్నందుకు హోటలువానిని ఎవరును వేధింపరాదు. దీని ప్రతి ప్రతి ఠాణాకును చేరవలెను. లేనిచో గుమాస్తా భయము తీరదు. పునరావాస కేంద్రములున్నవి గదా యనువారు కలరు. గదికి సొమ్మీయగలవాడు అచ్చటి చాప నాక్రమింపకున్న, లేనివానికది మిగులును.

ఆ కుటుంబము గుంటూరునకు టిక్కెట్లు కొని, ప్రయాణము చేయక, రైలు స్టేషనులోని వేచియుండు గదిలో తెల్లవార్లు కూర్చుండెను. అచ్చట టిక్కెట్టు అడిగిరే గాని చిరునామా అడుగలేదు.